ఆ గుట్ట మీద ఖబర్



కోపెన్‌హేగెన్ నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇంటికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే సవాల్. "అక్కడ ఏం చూశావ్?" మా ఖాలా అయితే చాయ్ తాగకముందే అడిగింది.

"ఒక ఖబర్ చూశాను ఖాలా" అన్నాను.

"తౌబా తౌబా! అన్ని పైసల్ పెట్టి విమానమెక్కి పోయి ఖబర్ చూసొచ్చినావా? ఇక్కడ లేవా ఖబర్లు?"

"ఉన్నాయి ఖాలా. చూడనిచ్చిందెవరు?"

కావాలని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఖాలా నా మొహం చూసి, చాయ్ కప్పు చేతిలోకి తీసుకుని, పిల్లల చదువుల గురించి అడగడం మొదలుపెట్టింది. ఆమెకి అర్థమైంది. మీలో కూడా చాలామంది ఆడవాళ్లకి అర్థమై ఉంటుంది. అర్థం కాని మగవాళ్ల కోసం మొత్తం చెప్తాను.

మా బేటీకి కాన్పు ఉందని ఏప్రిల్‌లో వెళ్లాను. అల్‌హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డా క్షేమం. జూన్ వచ్చేసరికి అక్కడ రాత్రి అనేదే సరిగ్గా ఉండదు. మగ్రిబ్ పదింటికి. ఇషా అయ్యి కన్ను మూసేలోపే ఫజర్. పసిపిల్లా, నేనూ ఇద్దరం నిద్ర లేకుండా కిటికీలోంచి ఆ తెల్లటి రాత్రిని చూస్తూ కూర్చునేవాళ్లం. ఒక వాన రోజు దామాద్‌కి సెలవు. "బాబుని నేను చూసుకుంటా, మీరిద్దరూ కాసేపు బైటికెళ్లి రండి అమ్మీ" అన్నాడు. వానలో ఎక్కడికి పోతాం? బేటీ నన్ను ఒక మ్యూజియంకి తీసుకెళ్లింది.

థోర్వాల్సెన్ అనే శిల్పి మ్యూజియం అది. రాజుల కోట పక్కన, కాలువ ఒడ్డున, పసుపు గోడలతో ఉంటుంది. ఆయన రోమ్ నగరంలో దాదాపు నలభై ఏళ్లు ఉండి, 1838లో స్వదేశానికి తిరిగొచ్చాడు. లోపల గది తర్వాత గది, అన్నీ తెల్లటి విగ్రహాలే. సగం వాటికి ఒంటి మీద నూలు పోగు లేదు. నేను దుపట్టా సర్దుకుని నేల చూస్తూ నడిచాను. బేటీ నవ్వు ఆపుకుంటోంది. "అమ్మీ, నేల బాగుందా?" అంటోంది. నిజంగానే బాగుంది, రాళ్లు పరిచిన నేల.

అలా నేల చూస్తూ నడుస్తూ మధ్యలో ఉన్న సెహన్‌లోకి వచ్చాం. అక్కడ ఒక ఖబర్ ఉంది. గుంబద్ లేదు, విగ్రహం లేదు. నేలమట్టానికి కొంచెం పైన రాతి అంచు, లోపల పచ్చటి తీగ అల్లుకుని ఉంది. చుట్టూ గోడల మీద ఖర్జూరం లాంటి చెట్లు రంగులతో వేసి ఉన్నాయి. "ఎవరిది?" అన్నాను. ఆ శిల్పిదేనట. 1844లో పోయాడు. మ్యూజియం 1848లో తెరిచారు. అన్ని విగ్రహాలు చెక్కినవాడికి తన మీద ఒక్క విగ్రహం కూడా లేదు, ఉత్త ఆకులే. నాకు తెలీకుండానే చేతులు పైకి లేచాయి. మళ్లీ దించేసుకున్నాను. ఒక ఖబర్‌కి ఇంత దగ్గరగా నిలబడటం నా యాభై ఎనిమిదేళ్ల జిందగీలో అదే మొదటిసారి. దర్గాల సంగతి వేరు. అవి వలీల మజార్లు, మామూలు మనిషి ఖబర్లు కావు.

పైఅంతస్తులో ఆయన కూడబెట్టిన తస్వీర్లు ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు నా కాళ్లు ఆగిపోయాయి. అదే నేను చూసిన రెండో ఖబర్. ఖాలాతో చెప్పింది దీని గురించే.

పెద్ద బొమ్మ కాదు. వెడల్పు మీటరు కూడా ఉండదు. ఒక గుట్ట. గుట్ట మీద పెద్ద పెద్ద బండరాళ్లు నిలబెట్టి, వాటి నెత్తిన ఇంకో బండ పెట్టి ఉంది. కింద గడ్డి. వెనకాల దిగువన సముద్రపు నీళ్లు, వాటి మీద పెద్ద ఆస్మాన్, మబ్బులు. అంతే. బేటీ పక్కనున్న చీటీ చదివింది. రాక్లేవ్ దగ్గర ప్రాచీన సమాధి దిబ్బ. వేసింది యోహాన్ థామస్ లుండ్‌బ్యూ. 1839.

"ఆ సంవత్సరానికి ఆయన వయసెంత?" అన్నాను. బేటీ ఫోన్‌లో చూసింది. 1818 సెప్టెంబర్‌లో పుట్టాడు. ఇరవయ్యో, ఇరవై ఒకటో. మా చిన్నోడి కంటే చిన్న.

ఇక్కడ మా ఇంటి గోడ గురించి చెప్పాలి. మా అమ్మీ ఇంట్లో జాన్‌దార్ తస్వీర్ పెట్టనిచ్చేది కాదు. మనిషి బొమ్మగానీ, జంతువు బొమ్మగానీ ఉంటే ఇంట్లోకి రహ్మత్ ఫరిష్తాలు రారని ఆమె నమ్మకం. అందుకని గోడ మీద మక్కా, మదీనా ఫోటోలు, ఆయతుల్ కుర్సీ ఫ్రేము, వాటి పక్కన ఒక "సీనరీ". మీ ఇళ్లల్లోనూ ఉండే ఉంటుంది. మంచు కొండలు, నీలం రంగు ఏరు, ఎర్ర కప్పు ఇల్లు, ఇంటి ముందు రకరకాల పూలు. బట్టల దుకాణం వాళ్లు ఇచ్చిన క్యాలెండర్‌లోంచి కత్తిరించి అబ్బా ఫ్రేము కట్టించాడు. అది ఏ దేశమో అబ్బాకీ తెలీదు, ఫ్రేము కట్టినోడికీ తెలీదు. నేను దాన్ని చూస్తూ పెరిగాను. కుద్రత్ అంటే అదీ అనుకున్నాను. బైట మా ఊరి గుట్టలు, తుమ్మచెట్లు, ఎండిన చెరువు, ఇవేవీ కుద్రత్ కిందికి రావు. ఎక్కడో దూరంగా, అందంగా, మనది కానిదే కుద్రత్.

ఇప్పుడు డెన్మార్క్ సంగతి వినండి. ఆ క్యాలెండర్ కొండలు అక్కడా లేవు. ఆ దేశం మొత్తంలో ఎత్తైన చోటు సముద్రమట్టం నుంచి 171 మీటర్లు. నల్గొండ గుట్టలు చూసి పెరిగినవాళ్లకి నవ్వొస్తుంది. చదును నేల, పొలాలు, బీచ్ చెట్ల అడవులు, ఎటు పోయినా గంటలో సముద్రం. ముసవ్విర్లు అంతకుముందు అందం కోసం ఇటలీకి పోయేవాళ్లు. ఎండకీ, శిథిలాలకీ, కొండలకీ అక్కడికే పోవాలి అనుకునేవాళ్లు. అంటే వాళ్ల గోడ మీద కూడా వేరేవాళ్ల సీనరీయే.

తర్వాత ఆ దేశం మీద వరసగా ముసీబత్‌లు పడ్డాయి. 1807లో ఇంగ్లీషువాళ్లు కోపెన్‌హేగెన్ మీద గుండ్ల వాన కురిపించి, వాళ్ల నౌకాదళాన్ని పట్టుకుపోయారు. 1813లో సర్కారు ఖజానా దివాళా. 1814లో నార్వే చేజారిపోయింది. వందల ఏళ్లు ఒకే రాజు కింద ఉన్న ముల్క్‌లో పెద్ద ముక్క పోయింది. ఇంట్లో సొమ్ము పోయినప్పుడు మిగిలిన గిన్నెల్ని లెక్కపెట్టుకుంటాం చూడండి, అలాగే ఆ తరం తమ దగ్గర మిగిలిన చిన్న నేలని కొత్తగా చూడటం మొదలుపెట్టింది.

ఎకర్స్‌బర్గ్ అని ఒక ఉస్తాద్ 1818 నుంచి వాళ్ల కళల అకాడెమీలో ప్రొఫెసర్. షాగిర్దుల్ని గదుల్లోంచి బైటికి తీసుకెళ్లి, కళ్లముందున్నది ఉన్నట్టు చూడమన్నాడు. ఆయన రోజువారీ డైరీలో వాతావరణం రాసుకునేవాడట, గాలి ఎటు, మబ్బు ఎలా ఉంది అని. లుండ్‌బ్యూ కాలానికి ఆ చూపు అందరికీ అలవాటైంది. 1844లో హోయెన్ అనే కళాచరిత్ర పండితుడు పెద్ద తఖ్‌రీర్ చేశాడు. మన నేల, మన జనం, మన చరిత్ర, వీటిలోంచే మన కళ పుట్టాలి అని. దానికి ఐదేళ్ల ముందే లుండ్‌బ్యూ ఈ గుట్టని వేసేశాడు.

రాక్లేవ్ అనేది కలుండ్‌బోర్గ్ పట్నం పక్కన ఊరు. ఆయన పుట్టింది కలుండ్‌బోర్గ్‌లోనే. అంటే ఇది ఎవరో వెళ్లి చూసొచ్చిన వింత కాదు. ఆయన పుట్టిన పట్నం పక్కనున్న గుట్ట. మా ఖబరస్తాన్ పక్కనున్న గుట్ట ఉన్నట్టే.

ఇక ఆ రాళ్లు. డానిష్ వాళ్లు ఇలాంటివాటిని "దూస్సె" అంటారు. ఐదువేల ఏళ్ల కిందటివి. రాతి పనిముట్లు వాడే రోజుల్లో, అక్కడ వ్యవసాయం మొదలుపెట్టిన జనం తమ మయ్యత్‌లని వాటిలో పెట్టేవాళ్లు. చాలావాటి చుట్టూ మట్టిదిబ్బ ఉండేది. ఏళ్లు గడిచి మట్టి జారిపోతే రాళ్లు బైటపడ్డాయి. ఊళ్లోవాళ్లకి అవి ఎవరు కట్టారో తెలీదు. ఇంత బండని మనిషన్నవాడు ఎత్తగలడా? కాబట్టి రాక్షసులు కట్టి ఉంటారనుకున్నారు. అలాంటి పెద్ద సమాధి గదులకి వాళ్ల భాషలో పేరే "రాక్షసుల గది".

బేటీ అది చదవగానే నేను గట్టిగా "రాకాసి గుడి!" అన్నాను. గార్డు మా వైపు చూశాడు.

మీలో తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. గుట్టల మీద, చెరువు గట్ల పక్కన బండరాళ్లు గుండ్రంగా పెట్టి ఉంటాయి. కొన్నిచోట్ల నాలుగు పలకలు నిలబెట్టి పైన ఒక బండ కప్పి ఉంటుంది. మనవాళ్లు వాటిని రాకాసి గుళ్లు, రాక్షస గుళ్లు అంటారు. అవి కూడా ఖబర్లే. ఇనుము వాడటం నేర్చుకున్న కాలపు జనానివి. మన గోదావరి వైపు జానంపేట దగ్గర ఇలాంటివి వందల్లో ఉన్నాయి. నిజాం సర్కారు 1914లో పురావస్తు శాఖ పెట్టినప్పుడు దాని మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ సాబ్ కూడా ఈ దక్కన్ రాళ్ల మీద పని చేశారు. రెండు దేశాలు, మధ్యలో అంత సముద్రం. పరిచయమే లేని ఇద్దరు రైతులు రెండు రాళ్లగుట్టల్ని చూసి ఒకే మాట అన్నారు. మనవల్ల కాదు, రాక్షసులే చేసుంటారు అని.

మా ఖబరస్తాన్ చివర గుట్ట వాలులో అలాంటిది ఒకటి ఉండేది. చిన్నప్పుడు మేకల్ని తోలుకుని అటు వెళ్తే పిల్లలందరికీ భయం. లోపల జిన్నాత్ ఉన్నాయని మా చాచా భయపెట్టేవాడు. డెన్మార్క్ పల్లెల్లో కూడా ఆ దిబ్బల కింద ట్రోల్ అనే భూతాలు ఉంటాయని చెప్పుకునేవాళ్లట. లుండ్‌బ్యూ అయితే సరదాకి తననే అలాంటి ట్రోల్‌లాగా గీసుకునేవాడట. మా అబ్బా మాత్రం భయపెట్టలేదు. ఒకసారి నన్ను ఆ రాళ్ల దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. "ఇది కూడా ఎవరిదో ఖబరే బేటా. వాళ్ల పేరు మనకి తెలీదు. వాళ్ల మజహబ్ తెలీదు. సలాం చెప్పి పో" అన్నాడు. నాకప్పుడు ఏడేళ్లు. ఆడపిల్లని ఖబరస్తాన్ వైపు తీసుకెళ్లినందుకు దాదీమా ఆ రోజు అబ్బా మీద గొడవ చేసింది.

మ్యూజియంలో ఆ తస్వీర్ ముందు నాకు గుర్తొచ్చింది ఆ మధ్యాహ్నం. బేటీ ఒక బెంచీ చూపించింది. కూర్చున్నాం.

కాసేపయ్యాక బేటీ ఫోన్‌లో ఇంకో బొమ్మ చూపించింది. కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ అనే జర్మన్ ముసవ్విర్‌ది. ఆయనా కోపెన్‌హేగెన్ అకాడెమీలోనే 1794 నుంచి 1798 దాకా చదివాడు. ఆయనా ఇలాంటి రాతి సమాధినే వేశాడు, కానీ మంచులో. చుట్టూ ఆకుల్లేని మోడుచెట్లు. ఆయన స్నేహితుడు, నార్వే వాడు దాల్ కూడా డెన్మార్క్‌లోని ఒక రాతి సమాధిని మంచులోనే వేశాడు. వాటిలో మౌత్ ఎదురుగా నిలబడి ఉంటుంది. చూసేవాడికి వణుకు పుట్టాలి. గొప్ప బొమ్మలే, కాదనను.

లుండ్‌బ్యూ అలా చేయలేదు. ఆయన గుట్ట మీద గడ్డి బతికి ఉంది. నేల పచ్చగా ఉంది, గాలి వీస్తోంది, మబ్బులు వాటి పని మీద అవి పోతున్నాయి. ఖబర్ మధ్యలో ఉంది, దాని చుట్టూ మామూలు రోజు నడుస్తోంది. భయపెట్టదు. ఏడిపించదు. ఐదువేల ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను, కాసేపు కూర్చుని పో అన్నట్టుంటుంది.

మన మాట "కుద్రత్"లో రెండు అర్థాలున్నాయి. ప్రకృతీ కుద్రతే, అల్లాహ్ శక్తీ కుద్రతే. చెట్టుని చూసి "కుద్రత్" అంటే దాన్ని చేసినవాడిని కూడా తలచినట్టే. ఆ రొమాంటిక్ ముసవ్విర్ల కాలంలో యూరప్‌లో చాలామంది ఇలాంటి చూపుతోనే కొండల్నీ, చెట్లనీ చూశారు. ప్రకృతి ఒక ఖాళీ వస్తువు కాదు, దాని వెనక ఒక రూహ్ ఉంది అనుకున్నారు. కానీ లుండ్‌బ్యూ తస్వీర్‌లో నాకు ఇంకో సంగతి కనిపించింది. ఆ నేలకి యాదేఁ ఉన్నాయి. మనిషి వచ్చాడు, పోయాడు, నేల అతన్ని దాచుకుంది. దాని మీద మళ్లీ గడ్డి మొలిచింది. ప్రకృతీ, ఖబరూ వేరు వేరు కావు ఆ బొమ్మలో. అమ్మీ గోడ మీది సీనరీలో లేనిది అదే. దాంట్లో ఎవరూ చనిపోలేదు.

అయితే బేటీ ఒక ప్రశ్న వేసింది. అక్కడ తొమ్మిదేళ్లుగా ఉంటోంది కాబట్టి ఆమెకి ఆ ప్రశ్న వచ్చింది. "అమ్మీ, ఇది చూసి వీళ్లు మా పూర్వీకులు అంటారు. ఐదువేల ఏళ్ల కింద ఆ రాళ్లు మోసినవాళ్లు డానిష్ మాట్లాడారా? వాళ్లెవరో వీళ్లకీ తెలీదు. మరి నా కొడుకు ఇక్కడే పుట్టాడు. ఈ గుట్ట వాడిది కూడానా, కాదా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. నేల మీద మొహబ్బత్ మంచిదే. కానీ "మా నేల" అన్న మాట ఎక్కడ "మీది కాదు" అయిపోతుందో మనకి తెలీని విషయమా? లుండ్‌బ్యూ కథే చూడండి. తన నేల మీద అంత ముహబ్బత్ ఉన్నవాడు 1848లో స్లెస్విగ్ కోసం యుద్ధం మొదలవగానే తనంతట తాను ఫౌజ్‌లో చేరాడు. ఏప్రిల్ 26న బెడ్‌స్టెడ్ అనే ఊళ్లో, దుష్మన్ కంటపడకముందే, తమ వాళ్ల తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు. ఇరవై తొమ్మిదేళ్లు. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఈ మ్యూజియం తెరుచుకుంది. తన గుట్ట ఈ గోడ మీద వేలాడటం ఆయన చూడనే లేదు. ఆ మొహబ్బతే ఆయనతో ఈ గడ్డిని వేయించింది, ఆ మొహబ్బతే తుపాకీ పట్టించింది. రెంటినీ విడదీసి ఒకటి మెచ్చుకుని ఒకటి తిట్టడం నాకు చాతకాలేదు.

బేటీకి ఇంతే చెప్పాను. "మీ నానా ఉంటే, ఆ ఖబర్ ఎవరిదో తెలీదు కాబట్టే అందరిదీ అనేవాడు. వాడిని తీసుకొచ్చి చూపించు. సలాం చెప్పడం నేర్పు. సలాం చెప్పడానికి వారిస్ కానక్కర్లేదు."

ఇంకో విషయం. ఆ రాళ్లు ఇంకా ఉన్నాయంటే ఎవరో వాటిని ఆపబట్టే. డెన్మార్క్ రైతులు కూడా పాపం వందల దూస్సెల్ని పగలగొట్టి రోడ్లకీ, ఇళ్లకీ, గోడలకీ వాడేసుకున్నారు. దున్నడానికి అడ్డం కదా. 1807లో పాత వస్తువుల్ని కాపాడటానికి ఒక రాజ కమిషన్ వేశారు. 1843లో వోర్సో అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు పుస్తకం రాసి, ఇవి రాక్షసులవి కావు, రాతి యుగపు మనుషుల ఖబర్లు అని జనానికి అర్థమయ్యేలా చెప్పాడు. 1937 చట్టంతో కంటికి కనిపించే ప్రాచీన సమాధులన్నిటికీ రక్షణ వచ్చింది. చట్టం రావడానికి వందేళ్ల ముందే ఇలాంటి తస్వీర్లు చూసి, ఇవి పగలగొట్టే రాళ్లు కావు అని కొందరికైనా అనిపించి ఉంటుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి.

మా అబ్బా 2003లో ఇంతెఖాల్ అయ్యాడు. గుసుల్, కఫన్ అయ్యాయి. జనాజా లేచింది. నేను గల్లీ మూలమీద వేపచెట్టు దాకా వెనకాలే పోయాను. ఫుప్పీ వచ్చి నా భుజం పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. భాయీజాన్ ఇంటికొచ్చేసరికి అతని చేతులకి మట్టి ఉంది. మూడు గుప్పిళ్లు మట్టి ఇచ్చిన చేతులు. నేను ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. ఆడవాళ్లు ఖబరస్తాన్‌కి వెళ్లొచ్చా లేదా అన్నదాంట్లో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందని నాకు తెలుసు. దాని మీద ఫత్వా ఇచ్చే స్థోమత నాది కాదు. మా ఊళ్లో మాత్రం వెళ్లరు. ఎవరూ వద్దని బోర్డు పెట్టలేదు, ఎవరూ రమ్మనలేదు. షబే బరాత్‌కి మగవాళ్లంతా వెళ్లి పూలు చల్లి, ఫాతెహా చదివి వచ్చేవాళ్లు. మేము ఇంట్లో హల్వా చేసేవాళ్లం.

డెన్మార్క్ నుంచి వచ్చిన వారానికి ఊరికి పోయాను. భాయీజాన్‌తో అన్నాను, "నన్ను అబ్బా దగ్గరికి తీసుకెళ్లు." అతను చాలాసేపు మాట్లాడలేదు. కోపం అనుకున్నాను. తర్వాత తల దించుకునే అన్నాడు, "తీసుకెళ్తా. కానీ ఏది అబ్బాదో నాకే సరిగ్గా తెలీదు."

అసర్ నమాజ్ అయ్యాక, అటు జనం లేనప్పుడు తీసుకెళ్లాడు. అబ్బాది కచ్చా ఖబర్. అబ్బా వసియ్యతే అది, పైన సిమెంటు వద్దని. తల దగ్గర ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి. ఇరవై ఏళ్ల వానలకి మట్టి కుంగిపోయింది, రాళ్లు పక్కకి ఒరిగిపోయాయి. పక్కపక్కన మూడు దిబ్బలున్నాయి. భాయీజాన్ మొదటిదంటాడు, మళ్లీ కాదు మధ్యదేమో అంటాడు. ఇన్నేళ్లూ తనొక్కడికే తెలుసని నేను అతని మీద హసద్ పడ్డాను. అతనేమో తెలీదని ఎవరికీ చెప్పుకోలేక ఇన్నేళ్లు మోశాడు. ఆ సంగతి అక్కడ నిలబడితేగానీ నాకు తెలియలేదు.

గడ్డి మాత్రం మూడింటి మీదా ఒకేలా ఉంది. మోకాలెత్తు. అక్కడక్కడా తంగేడు. నాకు రాక్లేవ్ గుట్ట కళ్లముందు కదిలింది. నేను మూడింటికీ సలాం చెప్పాను. ఫాతెహా చదివాను. ఏడవలేదు. ఏడుస్తాననే కదా మమ్మల్ని రానివ్వనిది. భాయీజాన్ ఏడ్చాడు.

తర్వాత రాకాసి గుడి ఎక్కడని వెతికాను. గుట్ట సగం లేదు. అటువైపు కంకర కోసం తొలిచేశారు. పైన కప్పిన బండ లేదు, రెండు పలకలు పడిపోయి ఉన్నాయి. ఒకటి మాత్రం నిలబడి ఉంది, తుమ్మముళ్ల మధ్యలో. ఖబరస్తాన్‌కి ఆ పక్క ప్రహరీ లేదు. ప్లాట్ల హద్దురాళ్లు మన ఖబర్లకి పదడుగుల దూరం దాకా వచ్చేశాయి. పేరు తెలియనివాళ్ల ఖబర్ ముందు పోయింది. తర్వాత వంతు గుర్తు లేనివాళ్లది. భాయీజాన్‌తో అదే అన్నాను. ఇప్పుడు అతను కమిటీ పెద్దమనుషులతో కూర్చుంటున్నాడు, సర్వే కాయితాలు తీయిస్తున్నాడు. ఏమవుతుందో అల్లాహ్‌కే ఎరుక.

మీకొక గుజారిష్. మీ ఇంట్లో పెద్దవాళ్లు బతికి ఉండగానే, ఎవరి ఖబర్ ఎక్కడుందో అడిగి రాసుకోండి. ఏ చెట్టు పక్కన, గేటు నుంచి ఎన్ని అడుగులు, కుడివైపా, ఎడమవైపా. ఫోన్ ఉంది కదా, ఫోటో తీసి పెట్టుకోండి. పాలరాయి పెట్టమని కాదు. తెలిసి ఉండటం వేరు. ఇంట్లో ఆడవాళ్లకి కూడా చెప్పండి, వాళ్లు అక్కడికి వచ్చినా, రాకపోయినా. మా ఇంట్లో ఆ సంగతి ఒక్క మనిషి దగ్గర ఉంది, అతని దగ్గర కూడా కరిగిపోయింది.

ఆ రాత్రి మనవరాలి డ్రాయింగ్ బుక్ అడిగి తీసుకుని నక్షా గీశాను. నాకు బొమ్మలు రావు. వేపచెట్టు, గేటు, మూడు దిబ్బలు, గడ్డి, వెనకాల సగం గుట్ట, దాని మీద ఒక్క నిలువురాయి. పైన ఖాళీగా ఉందని రెండు మబ్బులు కూడా వేశాను. ఫోటో తీసి కోపెన్‌హేగెన్‌కి పంపాను.

అక్కడ ఇంకా సాయంత్రమే. బేటీ వెంటనే ఫోన్ చేసింది. చాలాసేపు చూసిందట.

"అమ్మీ, వీటిలో నానాది ఏది?"

"మూడూ అనుకో బేటా" అన్నాను. "నీ కొడుక్కి చెప్పేటప్పుడు ఆ రాయిని కూడా కలుపుకో."